గుంపు దారిచ్చింది

శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం మొదలైన ఏడాదే నాకు అక్కడ ఉద్యోగం దొరికింది. పెద్దపెద్దవాళ్లు విమానం దిగినప్పుడు ఎదురెళ్లి కారు దాకా సాగనంపడం నా పని. ఎవరి వెనక ఎంతమంది నడుస్తున్నారో, ఎవరిని చూసి పోలీసులు నిటారుగా నిలబడుతున్నారో గమనిస్తే చాలు, ఎవరెంత శక్తిమంతులో చెప్పేయగలననుకునేవాణ్ణి. కోస్తాలో ఉన్న నాన్నగారు ఫోన్ చేస్తే ముందు అడిగేది అదే. "ఇవాళ ఎవరొచ్చార్రా?"

అప్పట్లో మామిడిపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. ఇల్లుగలామె రెండు బర్రెలు పెట్టుకుని పాలమ్మేది. భర్త లేడు. పెళ్లీడుకొచ్చిన ఒక్క కొడుకు. ఆమె గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే మా ఇంటి మలుపు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. ఆమె కొడుకు మోటార్‌సైకిల్‌ను కారు గుద్దింది. అతను రోడ్డు పక్కన పడి ఉన్నాడు, తొడ దగ్గర ప్యాంటంతా నెత్తురు. అంబులెన్సుకు ఫోన్ చేశారు, ఇంకా రాలేదు. కారు నడిపిన నడివయసు డ్రైవర్‌ను బయటికి లాగి కొడుతున్నారు. ఊరి పెద్ద ఒకాయన చేతులెత్తి "ఆగుండ్రి, ఆగుండ్రి" అని అరుస్తున్నాడు గానీ ఎవరూ వినే స్థితిలో లేరు. ఎవరో రాయి అందుకున్నారు.

అప్పుడు వచ్చిందామె, చెప్పుల్లేకుండా, పరుగున. కొడుకు పక్కన కూలబడి ముఖం తడిమింది. అతను "అమ్మా" అన్నాడు. ఆమె లేచి నేరుగా గుంపులోకి వెళ్లింది. డ్రైవర్‌ను తనే కొడుతుందనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారేమో, పక్కకు తప్పుకున్నారు.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"అన్నా, బండి నడుస్తదా?"

అతను పెదవి మీది నెత్తురు తుడుచుకుంటూ తలూపాడు.

"ఇగ లే. నా కొడుకును దవాఖానకు తీస్కపో."

"వాన్ని ఇడిచిపెడ్తవా అక్కా?" అని ఎవరో అరిచారు.

ఆమె అటు తిరిగింది. గొంతు మాత్రం పెంచలేదు. "మీకు వీన్ని కొట్టుడు కావాల్నా, నా కొడుకు బతుకుడు కావాల్నా? జర జరుగుండ్రి."

రాయి పట్టుకున్న చెయ్యి దిగిపోయింది. కొట్టినవాళ్లే ఆమె కొడుకును మెల్లగా ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు. గుంపు రెండుగా చీలి దారిచ్చింది.

ముందు సీట్లో నేను కూర్చున్నాను. డ్రైవర్ మాటిమాటికీ అద్దంలో వెనక్కి చూస్తున్నాడు. వెనక నుంచి, కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, ఆమే అతనికి ధైర్యం చెప్పింది. "భయపడకన్నా. రోడ్డు చూసి నడుపు. నిన్ను ఎవ్వలేమనరు."

ఆలస్యం చేయకుండా తెచ్చి మంచిపని చేశారని డాక్టరు అన్నాడు. కాలికి రాడ్డు వేశారు. పోలీసు కేసు కేసుగా నడిచింది, ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు. కొన్నాళ్లకు ఆ డ్రైవర్ పండ్లు పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆమె కుర్చీ వేసింది, కొడుకును చూడనిచ్చింది. అతనితో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు.

అతను వెళ్లాక ఉండబట్టలేక అడిగాను. "ఆ రోజు మీకు కోపం రాలేదా అక్కా?"

బర్రెకు కుడితి పెడుతున్నదల్లా ఆగి, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూసింది.

"రాకుంటె ఎట్లుంటది సారూ? ఆ రాయి గుంజుకొని నేనే కొడ్దామనిపిచ్చింది. ఇప్పటికి గూడ వాని మొకం చూస్తె కడుపు మండుతది."

అని మళ్లీ కుడితిలో తవుడు కలపసాగింది. ఆమె ముందు నాకు చేతులు కట్టుకుని నిలబడాలనిపించింది. ఆ రోజు ఆమె ఆపింది గుంపునొక్కదాన్నే కాదని, లోపల అంత మంట పెట్టుకుని ఆ డ్రైవర్ చెయ్యి పట్టుకుందని, నాకు అప్పుడే తెలిసింది.