మూడు గడుల పేరు

హచినొహె రేవు వెనక సందులో ఉండే కుగా తమోత్సు ముప్ఫై ఎనిమిదేళ్లు పత్రికాఫీసులో అక్షరాలు పేర్చాడు. సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాక ఆయన్ని ఏం చేయాలో తోచక ఆదివారం పేజీకి మార్చారు. అక్కడ గళ్ళనుడికట్టు తయారుచేసే పని నెత్తిన పడింది. పడిన తర్వాత దాన్ని ఆయనే వదల్లేదు. రిటైరయ్యాక కూడా పోస్టులో ఆర్డర్లు తీసుకుని, ఒక్కో మనిషికి ఒక్కో పజిల్ కట్టి పంపేవాడు. తాతగారి పుట్టినరోజుకి, పెళ్లయి ఊరు మారిన స్నేహితురాలికి, కాలు విరిగి ఆసుపత్రిలో విసుక్కుంటున్న మేనమామకి. అడ్డం, నిలువు ఆధారాలన్నీ ఆ మనిషి బతుకులోంచే.

ఆర్డరు కాగితం ఒకటి అచ్చు వేయించి పెట్టుకున్నాడు. ఆ మనిషికి ఏది ఇష్టం, ఏదంటే ఒళ్లుమంట, ఏ పని చేసేవారు, ఇలా పది ప్రశ్నలు. అన్నిటికన్నా పైన, పేరు పక్కన, ఒక చిన్న డబ్బా ఉంటుంది. 'పైకి ఎలా పలుకుతారో ఇక్కడ రాయండి' అని. అక్కడి చిత్రలిపిలో పేరు రాసే రాత ఒకటే అయినా ఒకింట్లో ఒకలా, పక్కింట్లో ఇంకోలా పిలుస్తారు. గడుల్లోకి ఎక్కేది మాత్రం పలికే శబ్దమే, గడికొకటి చొప్పున. అందుకే ఆ డబ్బా.

ఏప్రిల్ చివర్లో ఒకావిడ ఆర్డరు పోస్టు చేయకుండా స్వయంగా పట్టుకొచ్చింది. డెబ్బై ఆరేళ్లుంటాయి. పేరు నిషిదాతె కియోనో.

"ఆదివారం పజిల్ కట్టే కుగాసాన్ మీరేనా?"

"ఒకప్పుడు."

"అయితే మీ మీద నాకు ఇరవై ఏళ్ల కోపముంది. ఒకసారి ఆధారం తప్పు వేశారు. దానికోసం మేమిద్దరం అన్నం డబ్బాలు మూసిపెట్టి మరీ పోట్లాడుకున్నాం."

"తర్వాతి వారం సవరణ వేశామండీ."

"చూశాం లెండి. అక్కే నెగ్గింది. అదీ నా కోపం!"

అక్క అంటే తోడబుట్టింది కాదు. ఇద్దరూ స్క్విడ్ ఎండబెట్టే ఫ్యాక్టరీలో ఒకే బల్ల దగ్గర పాతికేళ్లు పనిచేశారు. ఆవిడ మూడు నెలలు పెద్ద, అందుకని అక్క. మధ్యాహ్నం విరామంలో ఇద్దరికీ ఒకటే పత్రిక, ఒకటే పెన్సిలు. పోయిన శరదృతువులో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. అకితాలో ఉన్న మేనకోడలు తమ ఇంటి దగ్గరి వృద్ధాశ్రమంలో చేర్చింది.

"ఫోన్ చేస్తే 'ఊఁ' అంటుందండీ. అంతే. మాటలన్నీ పోయాయంటున్నారు వాళ్లు. పోయాయో, లోపలుండి బయటికి రాలేకపోతున్నాయో నాకు తెలియాలి." కియోనో కాగితం ఆయన ముందుకు తోసింది. "పుస్తకం ఇస్తే మొహం తిప్పేసుకుంటుందట. కానీ గళ్లు కనిపిస్తే అక్క ఊరుకోదు. వచ్చే నెల డెబ్బై ఏడు నిండుతాయి. అప్పటికి అందాలి."

ఆవిడ వెళ్లాక కుగా కాగితం చూశాడు. పేరు పక్కన డబ్బా ఖాళీగా ఉంది. ఇంత తెలిసిన పేరుకి మళ్లీ పలకడం రాయడమేమిటని వదిలేసినట్టుంది. ఆ ఖాళీని కుగా గమనించాడు. కానీ అడగాలని ఆయనకి తోచలేదు. రెండేళ్ల కింద పోయిన భార్య పేరూ సరిగ్గా అదే రాత. నలభై ఆరేళ్లు ఆ పేరుని ఆయన ఒక్కలాగే పిలిచాడు. ర్యోకో. రి, యో, ఉ, కో అని నాలుగు గడులు. ఒకటో నంబరు అడ్డంలో, అన్నిటికన్నా పై వరసలో ఆ పేరు పెట్టి, 'ఈ రోజు డెబ్బై ఏడు నిండినవారు' అని ఆధారం రాశాడు. ఎంతో కాలానికి పెన్సిలు హాయిగా నడిచింది. ఆ పేరు కింద నుంచి మిగతా మాటలన్నీ వాటంతట అవే దిగాయి.

పజిల్ అకితాకి వెళ్లింది. అలవాటు ప్రకారం జవాబులు నింపిన ప్రతి ఒకటి కియోనోకి కూడా పోస్టు చేశాడు. అది అందిన రోజే ఆవిడ గుమ్మంలోకి వచ్చి పడింది. కనీసం చెప్పులు విప్పలేదు.

"కుగాసాన్, ఈ ర్యోకో ఎవరండీ?"

"మీ అక్కగారే కదా."

"మా అక్క పేరు యోషికో!"

డబ్బా ఖాళీగా ఉంచింది మీరేనని అనవచ్చు. కుగా అనలేదు. గోడవారగా ఉన్న భార్య ఫొటో వైపు ఒకసారి చూశాడు. "ర్యోకో మా ఆవిడండీ. రాత ఒకటే. చెయ్యి అలవాటు కొద్దీ..."

కియోనో కూడా ఆ ఫొటో వైపు చూసింది. అప్పుడు చెప్పులు విప్పింది, వచ్చి కూర్చుంది.

"మిమ్మల్ని తిట్టాలని దారంతా ఎన్నో అనుకుంటూ వచ్చాను. ఒక్కటీ రావట్లేదు చూడండి. అసలే మాటలు తప్పిపోయిన మనిషికి, తన పేరే తప్పు రాసి పంపాం. 'ఈ కియో కూడా నన్ను మర్చిపోయింది' అనుకుంటుంది. ఇంక జన్మలో పెన్సిలు పట్టదు."

"ఇంకొకటి కడతాను. ఈ వారంలోనే."

"మొదటిది చూశాక రెండోది విప్పుతుందా?"

అయినా కుగా ఆ సాయంత్రమే గీతలు గీసుకుని కూర్చున్నాడు. యో, షి, కో. మూడు గడులు. ఈసారి ఏ మాటా సజావుగా దిగలేదు. గీయడం, చెరపడం, కాగితం చిరగడం. నాలుగు రోజులైనా సగమే అయింది.

ఐదో రోజు అకితా నుంచి కవరు వచ్చింది. తను పంపిన కవరే, పాత చిరునామా మీద తెల్లకాగితం అంటించి తిప్పి పంపారు. కుగాకి ఒక్కడే విప్పబుద్ధి కాలేదు. ఫోన్ చేశాడు. కియోనో తరవాతి బస్సుకే దిగింది.

"విప్పండి," అంది.

"మీరే విప్పండి."

"తప్పు చేసింది మీరా, నేనా?"

ఆయనే విప్పాడు. లోపల తను పంపిన పజిల్ ఉంది. చాలా గడులు ఖాళీ. కొన్నింట్లో వంకరటింకర అక్షరాలు, రెండు చోట్ల తప్పులు. కానీ ఇద్దరి చూపూ పై వరస మీదే పడింది. మూల ఉన్న మొదటి గడిని ఎవరో పెన్సిలుతో గట్టిగా నల్లగా నింపేశారు. కాగితం చిరిగేంత గట్టిగా. మిగిలిన మూడు గడుల్లో యో, షి, కో. పక్కన రెండే మాటలు: 'పేరు తప్పు.'

కుగా కళ్లజోడు సర్దుకుని కిందికి చూశాడు. మొదటి గడి పోతే దాని కింద నిలువుగా దిగిన మాట విరగాలి. ఆయన అక్కడ పెట్టింది రికాయ్, అంటే అర్థం చేసుకోవడం. ముందున్న రి పోగా కాయ్ మిగిలింది. ఆల్చిప్ప. మూడో గడిలో ఉ తీసి షి పెడితే, దాని కింద ఉన్న ఉఓ, అంటే చేప, షిఓ అవుతుంది. ఉప్పు. రెండూ అచ్చమైన మాటలే. పాత ఆధారాలు కొట్టేసి యోషికో కొత్తవి రాసింది.

"ఇవి మీరు చదవండి," అన్నాడు.

కియోనో కాగితం దగ్గరికి లాక్కుంది. ఉప్పుకి: 'చలికాలం. వేళ్ల పగుళ్లు. కియో ఏడ్చింది.' ఆల్చిప్పకి: 'సూప్‌లో. కియో పన్ను.'

"ఆ పన్ను!" కియోనో గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఫ్యాక్టరీ సూప్‌లో ఆల్చిప్ప ముక్క కొరికి పన్ను విరగ్గొట్టుకున్నాను. ఆ రోజంతా బల్ల దగ్గర నవ్వుతూనే ఉంది రాక్షసి! ఇంకా మర్చిపోలేదు చూడండి, ఇంకా మర్చిపోలేదు!" అంటూ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని ఊగింది.

మేనకోడలు చిన్న చీటీ పెట్టింది. అత్తకి రెండు రోజులు పట్టిందట. ఎడమచేత్తో రాసిందట. పెన్సిలు చెక్కివ్వడం తప్ప ఇంకే సాయానికీ దగ్గరికి రానివ్వలేదట.

"ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాను," అన్నాడు కుగా నెమ్మదిగా. "ఒక్క గడి నలుపు చేస్తే సరిపోతుందని నాకు తట్టలేదు. నాలుగు రోజుల్నుంచి కాగితాలు చించుతున్నాను."

"అక్కతో పెట్టుకుంటే అంతే." కియోనో ముక్కు చీదుకుని మళ్లీ కాగితం మీదికి వంగింది. పదకొండు నిలువు దగ్గర బాణం గుర్తు కనిపించింది. గడులు ఖాళీ. పక్కన మిగతా అక్షరాలకన్నా పెద్దగా: 'రాలేదు. కియో, చెప్పు.'

కియోనో ఆధారం చదివింది. పెదాలు కదిపింది. వేళ్ల మీద గడులు లెక్కపెట్టింది.

"జవాబులున్న నా ప్రతి ఇంట్లో ఉంది. ఆ రోజు కోపంలో పై వరస దాటి చదవలేదు."

"అదా? అది..." అన్నాడు కుగా.

"చెప్పకండి!"

"ఊరికే మొదటి అక్షరం..."

"నోరు మూసుకుంటారా! అక్క అడిగింది నన్ను." ఆవిడ బల్ల మీదున్న ఆయన పెన్సిలు లాక్కుని, కాగితం తనవైపు తిప్పుకుని, రెండు మోచేతులూ ఆనించి కూర్చుంది. కుగా లేచి టీకి నీళ్లు పెట్టడానికి వెళ్లాడు.