వాసన లేదని రాశాను

పుదుచ్చేరి సర్కారు తోటలో నా ముక్కే నా ఉద్యోగం. బియ్యపు గింజ కొరికి, కాసేపు నమిలి, వాసన ఉందో లేదో చెప్పాలి. తోటకు పెద్ద ఒక ఫ్రెంచి దొర. రోజంతా చుట్ట కాల్చీ కాల్చీ ఆయన ముక్కు ఎప్పుడో పోయింది. "నీ ముక్కే నాకు దిక్కు" అనేవాడు. నేను పొంగిపోయేవాణ్ణి. ఇంకా పెద్ద ఉద్యోగిలా కనిపించాలని ముత్తియాల్‌పేటలో నస్యం డబ్బీ కొని, గంటకో చిటికె ఎక్కించడం మొదలుపెట్టాను. నా తెలివి అట్లా తెల్లారింది.

రెడ్డియార్‌పాళయంలో మా పెద్దమ్మ దగ్గర, పుట్టింటి నుంచి తెచ్చుకున్న వాసన వడ్లు ఉండేవి. అన్నం ఘుమఘుమలాడేది గాని, పైరు మరీ పొడుగు. దీపావళి వచ్చే ఐప్పసి నెల వానలకు ఏటా నేల మీద పడిపోయేది. కొడుకులు విసిగిపోయి వేయడం మానేశారు. మిగిలిన చివరి గుప్పెడు వడ్లు ఆమె నా చేతిలో పోసింది.

"గట్టి రకంతో కలిపించు నాయనా. పడకుండా నిలబడితే మావోళ్లు మళ్లా ఏస్తారు."

దొర వాటిని నాటించి, వాటి పూలను పొట్టిగా, గట్టిగా నిలబడే మోటు వడ్ల పూలతో కలిపాడు. మొదటి కాపులో వాసనే లేదు. నేను బెంబేలెత్తిపోతే ఆయన నవ్వాడు. వాసన పోదు, దాక్కుంటుంది, వచ్చే కాపులో నాలుగు మొక్కల్లో ఒకదానికి బయటపడుతుంది అన్నాడు.

ఆ కాపు కోసి, మొక్కకో పొట్లం కట్టి నా ముందు పెట్టారు. ఒక గింజ కొరికాను. ఏమీ తెలియలేదు. ఇంకో పొట్లం, ఇంకోటి. అంతే. సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆవిడ జడలో మల్లెపూలు వాసన చూశాను. వాటికీ లేదు. పోయింది నా ముక్కేనని అప్పుడు తెలిసింది. మరునాడు దొరతో ఆ మాట చెప్పి ఉండవచ్చు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అన్ని పొట్లాల మీదా "లేదు" అని రాశాను.

"ఒక్కదానికీ లేదా?" అన్నాడు దొర.

"లేదు దొరా."

నమ్మాడు. తల్లి విత్తనమే కల్తీదని తేల్చి, అన్నీ పారేయమన్నాడు. ఆ మాట పెద్దమ్మకు మోసుకెళ్లిందీ నేనే. ఆమె ముఖం చిన్నబోయింది. వడ్లు పారేయడానికి మనసొప్పక పొట్లాలన్నీ అడిగి తీసుకుంది.

వారం తరువాత నన్ను భోజనానికి పిలిచింది. ఆకు ముందు కూర్చున్నానో లేదో, పక్కింటామె గడపలోకి వచ్చి నిలబడింది.

"ఏం వండినావక్కా? వాసన వీధి మొనదాకా వస్తా ఉండాదే!"

పెద్దమ్మ గరిటె పట్టుకుని నావైపు తిరిగింది.

"నీకు రాలేదా నాయనా?"

 ఆమె చూపు నా పైపంచె మీది నస్యం మరకల దగ్గర ఆగింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె పక్కింటామెతో ఒక్క మాటా అనలేదు.

"కొన్ని గింజలన్నా మిగిలినాయా పెద్దమ్మా?" అన్నాను చివరికి.

"యాడ మిగిలినాయి? విత్తనానికి పనికిరావని నువ్వే గదా చెప్పినావు. అన్నీ దంచేసినా" అని, నా ఆకులో ఇంకో గరిటె వడ్డించింది.