పాచి నోరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అలాంటిదాన్ని, మా ఆయనకి రక్త క్యాన్సర్ అన్నాక ఆయన మీద ఒక్క విసురూ విసరలేకపోయాను.

ఆసుపత్రిలో చేరిన మూడో వారానికి ఆయనకి ముద్ద దిగడం మానేసింది. పెరుగన్నం కూడా మంటే. క్యాన్సర్ మందులకి నోరు పూసిందని డాక్టర్లు పుక్కిలించడానికేదో ఇచ్చారు. తగ్గలేదు. రేపు ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపుతామన్నారు. గొట్టమంటే ఆయనకి హడల్.

రోజూ మధ్యాహ్నం వెళ్ళేదాన్ని, మర్నాడు మేముండే క్రాన్‌బర్న్‌లో మొదటి రైలే ఎక్కేశాను. వెళ్ళేసరికి మంచం ఖాళీ. బాత్రూమ్‌లోంచి బరబరా గీకుతున్న చప్పుడు. తలుపు తోశాను. ఆయన చేతిలో మా ఇంటి స్టీలు నాలుకబద్ద! సింకులో పెరుగు తరకల్లాంటి తెల్లటి ముక్కలు, రక్తపు చారలు.

"ఏంటండీ ఇది!"

"డాక్టరొచ్చే టైమైంది. పాచి నోరు ఎలా తెరుస్తానే? ఇంకా వేలితో బుగ్గలూ అంగిలీ తోముకోవాలి. రోజూ చేసేదేగా."

రోజూ! నాకు ఠక్కున తట్టింది. డాక్టర్లు చూడాల్సింది రోజూ ఈయన గీకి పారేస్తున్నారు! నాలుకబద్ద లాక్కుని, పట్టరాని ఉత్సాహంతో నర్సు దగ్గరికి పరుగెత్తాను.

డాక్టరొచ్చి టార్చి వేసింది. ఈయన సిగ్గుతో చచ్చిపోతూ నోరు తెరిచారు. బుగ్గల లోపల తెల్లగా అట్టలు కట్టి ఉంది.

"థ్రష్!" అంది డాక్టరు. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినవాళ్ళ నోట్లో పెరిగే ఫంగసట. దానికి మందు ఉందట! మూడు రోజులు చూద్దాం, అప్పటికీ మింగలేకపోతే గొట్టమే, అంది. నేను నర్సుని కావలించుకున్నాను.

మూడో రోజు పప్పన్నం మెత్తగా కలిపి పట్టుకెళ్ళాను. ఒక ముద్ద దిగింది. రెండోదీ దిగింది. మూడోది నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. డాక్టరు గుమ్మంలోనే ఉంది.

మెల్లగా మింగి, నా వంక చూశారు.

"ఇందులో ఉప్పేదీ? ఇరవయ్యేళ్ళయినా నీకు పప్పు వండటం రాలేదే."

"నోరు మూసుకుని తినండి!" అని వార్డంతా వినపడేలా అరిచాను. ఎన్నాళ్ళయిందో ఆయన మీద అలా ఒళ్ళు మండి! ఎంత హాయిగా ఉందో.