మోటారు పడవ దొర

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సిద్దిపేట దగ్గరి చెరువులో మా దొరకు మోటారు పడవ ఉండేది. ఆయన ఎన్నడూ గొంతు పెంచింది లేదు. ఎంత ఘోరమైన మాటనైనా "బిడ్డా" అంటూ బుజ్జగింపుగానే చెప్పేవాడు.

పడవ నడిపేది మా అన్న. ఆ ఎండాకాలం ఇంజన్‌కు కావలసిన చిక్కటి నూనె దొరకలేదు. దొర పల్చటి నూనె పోయించి, పట్నం నుంచి వచ్చిన చుట్టంతో బాతుల వేటకు బయలుదేరాడు. తుపాకులు పట్టుకొని నేనూ ఎక్కాను.

నడిచెరువులో అన్నకు భయం పట్టుకుంది.

"నీ బాంచెన్ దొరా, నూనె మస్తు కాగింది. జర ఆపుతా, సల్లారనియ్యుండ్రి."

"ఏడ కాగింది బిడ్డా? చెయ్యి పెట్టి చూపియ్యి."

అన్న నూనె తొట్టి మీద అరచెయ్యి ఆనించి, కెవ్వుమని లాక్కున్నాడు.

"గా చెయ్యి గూడ పెట్టు."

రెండోదీ కాలింది. ఆపకుండా పోనిమ్మన్నాడు దొర. కాసేపటికే ఇంజన్ పట్టేసి ఆగిపోయింది.

దొర విసుక్కోలేదు. అన్న నడుముకు తాడు కట్టించి నీళ్లలోకి దింపాడు. బొబ్బలెక్కిన చేతులతోనే ఈదుతూ అన్న పడవను ఒడ్డుకు లాగాడు.

"ఇంజన్ కన్న వీడే నయం. నూనె అడుగడు," అన్నాడు దొర.

చుట్టం పగలబడి నవ్వాడు. మోకాలి లోతు నీళ్లలో రొప్పుతూ నిలబడ్డ అన్న, ఆ చేతులే జోడించి దొరకు దండం పెట్టాడు.