సీనువన్ గులాబీరంగు వ్యాను

సీనువన్ వ్యాను తెల్లది. వెనక అద్దం మీద మాత్రం "ఈ బండి గులాబీరంగుది" అని స్టిక్కరు అంటించి ఉంటుంది. సీనువన్ మంగళవారం పుట్టింది. మంగళవారం పుట్టినవాళ్ళకు తెల్లబండి అచ్చిరాదు, గులాబీరంగైతే కలిసొస్తుంది. అంత బండికీ రంగు వేయించే ఓపిక ఎవరికుంటుంది? మా లంపాంగ్ ఊళ్ళో అందరూ చేసే పనే తనూ చేసింది. ఒక స్టిక్కరు అంటించి బండికి నచ్చజెప్పింది. దాన్ని చూసి మా వీధిలో ఎవరూ నవ్వరు. నవ్వితే వ్యానును చూసే నవ్వుతాం.

నవ్వక ఏం చేస్తాం? పక్కకు జరిగే ఆ పెద్ద తలుపు లోపలినుంచి తెరుచుకోదు. బయటినుంచి ఎవరైనా పిడి కింద ఒక గుద్దు గుద్ది లాగాలి. అందుకని ఎక్కడికెళ్ళినా ముందు సీట్లో కూర్చున్న సీనువన్ మొగుడు ఇన్తా దిగి, చుట్టూ తిరిగొచ్చి, గుద్ది, మమ్మల్ని విడిపించాలి. ఏసీ వేస్తే చల్లగాలి అందరికీ వస్తుంది, నీళ్ళు మాత్రం మధ్య వరసలో ఎడమవైపు కూర్చున్నవాడి నెత్తిన కారతాయి. దానికి మేము అల్లుడి సీటని పేరు పెట్టాం. వీధికి కొత్త అల్లుడు ఎవరొచ్చినా మొదట అందులోనే కూర్చోబెడతాం. తడిసి కూడా నవ్వుతూ దిగినవాడు మంచివాడని లెక్క.

ఇక హారన్ సంగతి. ఖున్‌తాన్ కనుమ దాటేటప్పుడు అక్కడి గుడి ముందు ఎవరైనా హారన్ కొట్టి దండం పెట్టుకోవాల్సిందే. ఒకసారి చియాంగ్‌మాయ్ వెళ్తూ సీనువన్ కూడా భక్తిగా కొట్టింది. అంతే, అది ఇక ఆగలేదు. చియాంగ్‌మాయ్ దాకా ఊళ్ళన్నీ అదిరిపోయేలా మోగుతూనే ఉంది. ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడనుకుని లారీలన్నీ పక్కకు తప్పుకున్నాయి. సీనువన్ మాత్రం కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, నిజంగానే అధికారిలా దర్జాగా నడిపింది.

ఆ మనిషే అంత. మునిసిపల్ బడిలో వంటమనిషిగా జీవితమంతా గడిపింది. పిల్లల గోలను మించి అరిచి అరిచి ఆ గొంతు అలాగే ఉండిపోయింది. మా ఇంటి ముందు నిలబడి రహస్యం చెబితే వంతెన దాకా వినబడుతుంది. ఆవిడ ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇన్తా చేపల చెరువు తవ్వుకుందామన్నాడు. ఈవిడేమో, ఎవరో వాడి వదిలేసిన ఈ వ్యాను ఇంటికి తెచ్చింది, అప్పటికి స్టీరింగ్ పట్టడం కూడా రాదు. నేర్పిన కుర్రాడిని హడలగొట్టి మరీ నేర్చుకుంది. బండిని బౌద్ధ విహారానికి తీసుకెళ్తే భిక్షువు డ్రైవరు తలమీది కప్పుకు తెల్ల గంధంతో ముద్రలు వేసి ఇచ్చాడు. ప్రతి బండిలోనూ ఒక అమ్మవారు ఉంటుంది కదా, ఆమెకు రోజూ పొద్దున అద్దానికి మల్లెదండ వేలాడదీసి, అత్తగారితో మాట్లాడినట్టు మర్యాదగానే, కొంచెం సణుగుతూ మాట్లాడేది. "ఇవాళ పన్ బామ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దార్లో నీ వేషాలు చూపించకు తల్లీ."

అమ్మవారు వేషాలు చూపించని రోజు తక్కువే. కానీ సీనువన్ బండి బయటికి తీసిందంటే వెనకాల తప్పకుండా ఒక గంప ఉంటుంది. అందులో జిగురన్నం, కాల్చిన పచ్చిమిరప పచ్చడి, కరకరలాడే పంది తోలు వడియాలు. బండి ఆగితే చాప పరిచి తినడమే. ఇంజను చల్లారేసరికి గంప ఖాళీ అవుతుంది, అందరం దిగి తోస్తాం, బండి కదులుతుంది. పెళ్ళిళ్ళకూ చావులకూ తీర్థాలకూ ఈ వీధి అలాగే వెళ్ళొచ్చింది.

ఈ వానాకాలం చేసోన్ వేడినీళ్ళ బుగ్గలకు వెళ్ళి తిరిగొస్తుంటే ఎత్తు ఎక్కుతూ బండి ఆగిపోయింది. బుగ్గలో ఉడికించుకున్న గుడ్లు అప్పటికే తినేశాం. వాన దంచుతోంది. దిగి తోస్తున్నాం. సెలూన్ నడిపే సవాట్ బురదలో జారి బోర్లా పడ్డాడు. లేచి, నోట్లో మట్టి ఉమ్మి, "శని బండి. ఎవడైనా కొనుక్కుపోతే పీడా పోను" అన్నాడు.

డ్రైవరు పక్క కిటికీ తెరిచే ఉంది. సీనువన్ విన్నది. ఒక్క మాట అనలేదు. మేము భయపడాల్సింది అప్పుడే.

వారం తిరక్కుండా నా నూడుల్స్ కొట్టుకొచ్చి కూర్చుంది. "వ్యాను అమ్మేస్తున్నానే, ఫయోమ్. చియాంగ్‌మాయ్‌లో ఉన్న మా అమ్మాయి ఎప్పటినుంచో పోరుతోంది. ఫోన్లోనే బేరం కుదిర్చింది. ఆదివారం వచ్చి చూసుకుంటారట."

"ఇప్పుడు ఏం కొంప మునిగిందని?"

"మీకందరికీ పీడా వదులుతుంది కదా." గిన్నెలో నూడుల్స్ కలుపుతోంది గానీ తినడం లేదు. "నేనేమో అందరికీ మేలు చేస్తున్నాననుకుని ఊరేగుతున్నా. మీరేమో నా మొహం చూసి ఎక్కుతున్నారు. వద్దని చెప్పలేక బురదలో పొర్లుతున్నారు. నాకు తెలియలేదే. ముసలితనం వస్తే ఇంతే కాబోలు."

నా గుండె తరుక్కుపోయింది. కాదని నేనెంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. వ్యాను పోతే మేము బస్సెక్కుతాం, అది పెద్ద కష్టం కాదు. కానీ వ్యాను లేని సీనువన్ ఇంట్లో కూర్చుని ఇన్తాను మాత్రమే అదలాయిస్తూ బతుకుతుంది. అది ఆవిడకూ మంచిది కాదు, ఇన్తాకు అసలే మంచిది కాదు.

ఆ సాయంత్రం వీధంతా నా కొట్టులో చేరింది. ఇన్తా కూడా దొడ్డిదారిన వచ్చాడు. బేరం ఎలాగైనా చెడగొట్టాలి. ఇంజన్లో ఏదైనా పీకేద్దామని సవాట్ అన్నాడు. పన్ బామ్మ ఒప్పుకోలేదు. "ఆదివారం పౌర్ణమిరా. మోసం వద్దు, అబద్ధం వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ బండికి నిజం చాలు."

ఆదివారం పొద్దున ఫ్రే ఊరి నుంచి వచ్చిన బస్సు దిగి కోమిన్ అనే అతనూ, అతని భార్య రుంగ్, చంకలో ఒకరూ చేతిలో ఒకరూ పసిపిల్లలతో వచ్చారు. సీనువన్ వ్యానును కడిగి తళతళలాడించింది. అమ్మవారికి ఎర్ర సోడా పెట్టి, అగరొత్తులు వెలిగించి, "కొత్తవాళ్ళని ఏడిపించకు" అని చెప్పుకుంది. కోమిన్ ఎక్కి ఏసీ వేశాడు, దీపాలు వేశాడు, టైర్లు తన్ని చూశాడు. మేమంతా ఏదో పనున్నట్టు ఒక్కొక్కరమే చేరాం.

"బాబూ, ఆ తలుపు లోపల్నించి రాదు" అని పన్ బామ్మ మొదలుపెట్టింది. "నేను ఆసుపత్రి ముందు లోపలే ఉండిపోయా. డాక్టరే వచ్చి బండిలో చూశాడు."

సీనువన్ గిర్రున తిరిగింది. "చిన్నపిల్లలు దార్లో తలుపు తీసుకుని పడకుండా అలా ఉంది. ఇంట్లో పసివాళ్ళున్నవాళ్ళకి ఇంతకన్నా మంచి తలుపు దొరకదు."

"ఏసీ నీళ్ళు కారతాయి" అన్నాను నేను.

"ఒక్క సీటు మీదే. మిగతావాళ్ళంతా చల్లగా కూర్చోవట్లా?"

"ఖున్‌తాన్ దగ్గర హారన్..." అని సవాట్ అందుకున్నాడు.

"ఆ హారన్ వల్లే చియాంగ్‌మాయ్ అంత తొందరగా చేరాం. నువ్వు నోర్ముయ్, నీ కత్తెర కన్నా అదే బాగా పనిచేస్తుంది."

ఎత్తు ఎక్కితే ఇంజను కాగిపోతుందన్నాం. కాగిపోతే అన్నం తినే తీరిక దొరుకుతుందంది. రివర్సు గేరు తన ఇష్టమొచ్చినప్పుడే పడుతుందని ఇన్తా గొణిగాడు. మనిషి ముందుకే వెళ్ళాలి గానీ వెనక్కెందుకని మొగుణ్ణి గదిమింది. వారం నుంచి నీరసంగా తిరిగిన మనిషికి ఎక్కడలేని ఊపూ వచ్చింది. మేము ఒకటంటే తను పది అంటోంది. నాకైతే పాత సీనువన్‌ను చూసినట్టై ప్రాణం లేచొచ్చింది. కానీ అలా వెనకేసుకురావడంలో బండిని తనే అమ్మేస్తున్నానని ఆవిడకు తట్టలేదు.

కోమిన్ అంతా విని, వ్యాను మీద చెయ్యి వేశాడు. "పెద్దమ్మగారూ, ఇప్పటిదాకా ఎన్ని బళ్ళు చూశామో. అమ్మేవాళ్ళంతా ఏ లోపమూ లేదనే చెప్పారు. ఇక్కడ వీధి వీధంతా నిలబడి నిజం చెప్తోంది. ఇలాంటి బండినే నమ్మి తీసుకోవాలి."

మా మొహాలు చూడాలి అప్పుడు. పన్ బామ్మ వైపు అందరం కొరకొరా చూశాం. ఆవిడ ఆకాశం వైపు చూసింది.

నేను ఆఖరి ప్రయత్నం చేశాను. "అమ్మాయ్, నువ్వు పుట్టిందేవారం?"

"బుధవారం, అత్తా."

బుధవారం వాళ్ళకు తెలుపుతో ఏ పేచీ లేదు. పనికిరానిది గులాబీరంగు. సవాట్ ఎగిరి అందుకున్నాడు. "అయితే మీకు పనికిరాదు. ఇది గులాబీరంగు బండి."

"తెల్లగానే ఉంది కదా అన్నా" అన్నాడు కోమిన్.

"కంటికి అలా కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ గులాబీరంగుదానివేనని దానికి చెప్తూ వచ్చాం. ఇప్పుడు కాదంటే అది వింటుందా?"

"ఎందుకు వినదు?" అంటూ సీనువన్ వెనక్కెళ్ళి స్టిక్కరు అంచును గోటితో లాగింది. ఒక మూల లేచింది. అంతవరకే. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. లేచిన మూలను బొటనవేలితో మెల్లగా మళ్ళీ అద్దానికి అదిమింది. ఎవరూ చూడలేదనుకుంది. పక్కనే నిలబడ్డ రుంగ్ చూసింది.

రుంగ్ చంకలో పిల్లను సర్దుకుంటూ అడిగింది. "పెద్దమ్మా, దార్లో ఆగిపోయినప్పుడల్లా ఏం చేసేవాళ్ళు?"

"ఏముంది, తోసేవాళ్ళు."

"ఎవరు?"

"వీళ్ళే" అంది సీనువన్, మమ్మల్ని చూపించి.

"ప్రతిసారీ వీళ్ళేనా?"

"ఇంకెవరు తోస్తారమ్మా?"

రుంగ్ మొగుడి వైపు తిరిగింది. "మనకి వద్దండీ. నేను పిల్లల్ని పట్టుకుంటే మీరొక్కరే తొయ్యాలి. బండితో పాటు వీళ్ళనీ ఇస్తే తీసుకుందాం."

కోమిన్ మా వైపూ వ్యాను వైపూ చూసి నవ్వేశాడు. మేము మాత్రం నవ్వలేదు. సీనువన్ మమ్మల్నే చూస్తోంది. పన్ బామ్మను, నన్ను, తల దించుకున్న ఇన్తాను, వరసగా ఒక్కొక్కరినీ చూసి చివరికి సవాట్ దగ్గర ఆగింది.

"నువ్వే కదరా, శని బండి అన్నది? ఎవడైనా కొనుక్కుపోతే పీడా పోను అన్నావు. నా చెవులారా విన్నా."

సవాట్ దాచలేదు. "అన్నానక్కా. బురదలో పడ్డాను, అన్నాను. ఇన్నేళ్ళుగా తోస్తున్నా. తోసేవాడికి తిట్టే హక్కు కూడా లేదా?"

సీనువన్ మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆవిడకు కావలసింది ఆ ఒక్క మాటేనని, మేమంతా ఇంత హంగామా చేసే బదులు వాడు ఆ మాట వారం ముందే చెప్పి ఉంటే సరిపోయేదని అప్పుడు తెలిసింది.

కాసేపటికి తేరుకుని, "ఊరికే పంపిస్తే బాగుండదు, భోజనం చేసి వెళ్ళండి" అని ఆ దంపతులకు చాప పరిచింది. గంప ఎలాగూ సిద్ధంగానే ఉంది. కోమిన్ మిరప పచ్చడి తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. బస్సు వేళవుతోందంటే బస్టాండులో తనే దింపుతానంది సీనువన్.

తాళం తిప్పింది. బండి మూలగను కూడా మూలగలేదు. పొద్దున కోమిన్ వేసిన ఏసీ, దీపాలు ఎవరూ ఆపలేదు. బేరం గొడవలో పడి బ్యాటరీ చచ్చిపోయింది.

ఎవరూ పిలవకుండానే మేమంతా వెనక్కు చేరాం. ఇన్తా తలుపు మీద గుద్దు గుద్ది, రుంగ్‌నూ పిల్లలనూ ఎక్కించాడు. కోమిన్ కూడా తోస్తానని దిగబోతే, చుట్టాలు తొయ్యకూడదని చెప్పి అల్లుడి సీట్లో కూర్చోబెట్టాం. సవాట్ చొక్కా చేతులు మడిచి, లేచిన స్టిక్కరు మూలను ఇంకోసారి గట్టిగా అదిమి, భుజం ఆనించాడు.

"శని బండి" అన్నాడు.

డ్రైవరు పక్క కిటికీ తెరిచే ఉంది. అందులోంచి వచ్చిన గొంతు వంతెన దాకా వినబడింది.

"తిట్టింది చాల్లేరా. తొయ్యి."