అన్నను అబ్‌స్కాండింగ్ అన్నారు

అబ్‌స్కాండింగ్ అనే మాట పేపర్లో కనబడితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఇంగ్లిషు ముక్కను నేను మొదటిసారి విన్నది ఠాణాలో, మా అన్న గురించి.

నక్సలైట్ల రోజులవి. మాది గొల్లపల్లి దగ్గర పల్లె. అన్న తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. అడవిలో తిరిగేవాళ్ళకు కల్లు పోశాడట! దాహమని వచ్చినవాణ్ణి నువ్వెవరని అడిగి పోస్తారా ఎవరైనా? ఒక పొద్దున చెట్టు దిగీ దిగకముందే పోలీసులు జీపెక్కించారు. కల్లు తాగడానికి వచ్చినవాళ్ళంతా చూశారు. నడుముకు బిగించి తాళ్ళెక్కే మోకు చెట్టుకే ఉండిపోతే నేను పోయి తెచ్చాను.

మేం అవ్వ అని పిలిచే మా అమ్మా, నేనూ ఠాణాకు పోతే ఎస్సై తలెత్తకుండానే అన్నాడు: "నీ కొడుకు అబ్‌స్కాండింగ్. ఏ సిరిసిల్లకో పోయి బట్టలు నేసే సాంచాల షెడ్డుల దాక్కున్నడు. దొరికితే నువ్వే తీస్కరా, పో."

ఎంత మాట! నేనప్పుడు జగిత్యాల కాలేజీలో చదువుతున్నాను. ఆ మధ్యాహ్నమే లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీశాను. పరారీ కావడమని రాసి ఉంది. కిందనే మాట పుట్టుక. లాటిన్‌లో 'అబ్స్' అంటే దూరంగా, 'కొండెరె' అంటే పెట్టడం. మొదట్లో దేన్నైనా కనబడకుండా దాచిపెట్టడమనే అర్థమట. తనను తాను దాచుకోవడమన్నది తర్వాత వచ్చింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. తెల్లారి అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఠాణాకు పోయి, అన్న మోకును ఎస్సై టేబుల్ మీద ధబ్బున పడేసింది.

"తాళ్ళెక్కెటోడు మోకు చెట్టుకిడిసి అడుగన్న ఏస్తడా సారూ? జీపెక్కిచ్చుకున్నది మీరు. దాసింది మీరు. గా మాటకు దాసిపెట్టుడనే అర్థమట, మా చిన్నోడు బుక్కుల సూసి అచ్చిండు. ఏడ దాసిన్రో చెప్పున్రి!"

"ఏయ్ ముసల్దానా, నోర్ముయ్!" ఎస్సై లేచాడు.

"ముయ్య! ఏం జేస్తవో జెయ్!" అమ్మ గొంతు బజారుదాకా వినబడుతోంది. "నా కొడుకేడి? నా కొడుకేడి?"

వెనక గదిలోంచి అన్న గొంతొచ్చింది, బొంగురుగా.

"అవ్వా! గీడనే ఉన్ననే!"

అమ్మ ఎస్సై వైపు చూడనైనా చూడలేదు. ఆ గది గోడ వైపు తిరిగి అడిగింది.

"అన్నం తిన్నవా కొడుకా?"