చేతిలో రెండు సీట్లు

ఎక్స్‌రే గదిలో ఆమెది పదకొండేళ్ల ఉద్యోగం. "ఊపిరి బిగబట్టండి... ఇక వదలండి" అని రోజుకు నలభై సార్లు చెప్పే ఆమెను పేషెంట్లు డాక్టరమ్మా అనే పిలిచేవారు. మొదట్లో దిద్దేది, తర్వాత ఊరుకుంది. నిజంగానే డాక్టర్ కావాలన్న పట్టుదల ముప్పై దాటాక వచ్చింది. రెండేళ్లు వరుసగా మెడికల్ కాలేజీలన్నీ కాదన్నాయి. మూడో ఏడు ఒకటి రమ్మంది, కానీ అది రైల్లో తొమ్మిది గంటల దూరం. ఇంటి నుంచి ఇరవై నిమిషాల్లో చేరుకోగల కాలేజీ మాత్రం ఆమెను వెయిటింగ్ లిస్టులో పెట్టింది.

దూరపు సీటు నిలవాలంటే పదిహేనో తారీఖులోగా డిపాజిట్ కట్టాలి. తర్వాత వద్దనుకుంటే ఆ డబ్బు తిరిగి రాదు. బేకరీలో పనిచేసే భర్త స్కూటర్ కోసం దాచినదంతా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మరి స్కూటర్?"

"నడిస్తే పొట్ట తగ్గుతుందని నువ్వే అంటావుగా."

డిపాజిట్ కట్టిన రోజు నుంచే ఆరేళ్ల కూతురికి జడ వెయ్యడం అతనికి నేర్పించసాగింది. పిండిని మూడు పాయలుగా చకచకా అల్లే ఆ చేతులకు పిల్ల జుట్టు మాత్రం లొంగలేదు. పిల్ల వంకర జడతోనే బడికి పోయేది. ఆమె చూసి నవ్వేది, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేది.

రోజూ పది దాటాక, ఇద్దరు పేషెంట్ల మధ్య దొరికే సందులో, దగ్గరి కాలేజీకి ఫోన్ చేసేది.

"లిస్టు ఏమైనా కదిలిందాండీ?"

"ఎవరైనా వదులుకుంటేనే కదండీ కదిలేది."

ఇరవై రెండో తారీఖున వాళ్లే ఫోన్ చేశారు. ఎవరో వదులుకున్నారట. ఒంటి మీది బరువైన సీసపు ఏప్రన్‌తోనే ఆమె స్టూలు మీద కూలబడింది. బల్ల మీద పడుకున్న ముసలాయన కంగారుగా తలెత్తాడు.

"ఏమ్మా, అంతలా విరిగిందా?"

"మీకేం కాలేదండీ. నాకే సీటొచ్చింది."

జీతం మీద అడ్వాన్సు తీసుకుని అక్కడా డిపాజిట్ కట్టింది. సీటు ఖాయమైనట్టు కాగితం మాత్రం పోస్టులో రావాలి.

"కాగితం చేతికొచ్చేదాకా రెండూ ఉంచుకో," అన్నాడు భర్త. "నెలాఖరు దాకా ఉంచుకోవచ్చని దూరపు కాలేజీవాళ్లే రాశారు కదా."

ఆమెకూ అదే నయమనిపించింది. రెండేళ్లు కాదనిపించుకున్న మనిషికి వచ్చిన సీటును వదలడమంటే మాటలు కాదు. మర్నాడు, నెలాఖరంటే సరిగ్గా ఏ రోజో కనుక్కుందామని దూరపు కాలేజీకి ఫోన్ చేసింది. పెద్దవయసు గుమాస్తా ఎత్తాడు.

"ముప్పయ్యో తారీఖు సాయంత్రం దాకా ఉందమ్మా. తొందరేం లేదు."

"నా వెనక ఎంతమంది ఉన్నారండీ?"

"అవి చెప్పకూడదు." గొంతు తగ్గించి అన్నాడు: "ఒకమ్మాయి మాత్రం రోజూ ఫోన్ చేస్తుంది. ఇప్పుడు మోగింది కూడా తనేమో అనుకున్నాను."

ఆమె తలుపు వైపు చూసింది. బయట బెంచీ మీద పేషెంట్లు వరుసగా కూర్చుని ఉన్నారు.

"నా సీటు వదులుకుంటున్నానండీ."

"ఇంటికెళ్లి ఆలోచించుకోండమ్మా. డబ్బూ రాదు, మళ్లీ సీటూ రాదు."

"తెలుసండీ. రాసుకోండి."

అంకెలు తారుమారై, అప్లికేషన్ నంబరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం సంగతి విని, అన్నం వడ్డిస్తున్న భర్త గరిటె గిన్నెలో పెట్టేశాడు.

"అడగకుండా చేశానని కోపమా?"

"కోపం కాదు, భయం. ఇక్కడ ఏదైనా తేడా వస్తే?"

"వస్తే మళ్లీ పరీక్ష రాస్తా."

"రాస్తావు. నీ సంగతి నాకు తెలీదూ," అంటూ ఆమె కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించాడు.

పైకి ధైర్యంగా అన్నదే గానీ, ఆ తర్వాతి రోజుల్లో ఆమెకు తిండి సహించలేదు. నెలాఖరు దాటింది. గేటు చప్పుడైతే చాలు, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. దూరపు సీటు వదులుకున్న తొమ్మిదో రోజున కాగితం వచ్చింది. భర్త దాన్ని రెండుసార్లు మనసులో చదువుకుని, మూడోసారి కూతురికి వినిపించాడు.

"అంటే అమ్మ రోజూ ఇంటికొస్తుందా?"

"రోజూ వస్తుంది. కానీ వచ్చి చదువుకుంటుంది. నువ్వు గోల చెయ్యకూడదు."

"ఎన్నాళ్లు?"

"ఆరేళ్లు."

పిల్ల వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. "అప్పటికి నేను గోల చెయ్యడమే మర్చిపోతా నాన్నా," అంది దిగులుగా.

ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుని, "ఆదివారాలు చేద్దువుగానిలే," అంది.